సైకిల్ సీటు మాటిమాటికీ కిందికి జారుతోందా? బోల్టు ఇంకో చుట్టు తిప్పే ముందు ఇవి చూడండి

సీటు సరైన ఎత్తులో పెట్టుకుని బయల్దేరతాం. నాలుగైదు కిలోమీటర్లు తొక్కేసరికి మోకాళ్లు మరీ పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. దిగి చూస్తే సీటు రెండు వేళ్ల వెడల్పు కిందికి దిగిపోయి ఉంటుంది. షాపుకు తీసుకెళ్తే పెద్ద పానాతో ఇంకో చుట్టు బిగించి "ఇంక కదలదు సార్" అంటారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ.

ఆ ఇంకో చుట్టుతోనే చాలా సైకిళ్లలో కొత్త సమస్య మొదలవుతుంది. బోల్టు మర పోతుంది, క్లాంపు (ఫ్రేము పైపు పైభాగాన్ని చుట్టి బిగించే పట్టీ) చెవులు వంగుతాయి, ఒక్కోసారి ఫ్రేము పైపే నొక్కుకుపోతుంది. సీటు మాత్రం జారుతూనే ఉంటుంది, ఎందుకంటే జారడానికి కారణం బిగింపు తక్కువ కావడం కాకపోవచ్చు. కారణం దొరికితే మామూలు బిగింపే సరిపోతుంది. ఈ పద్ధతంతా ఖర్చు లేని పనితో మొదలై, కొత్త సామాను కొనాల్సిన పనితో ముగుస్తుంది. అదే వరుసలో వెళ్లండి. చాలామందికి సగం దారిలోనే పని అయిపోతుంది.

పోనీలే, కొంచెం దిగితే ఏమైంది అనుకోవద్దు. సీటు తగ్గిన కొద్దీ మోకాలు ఎక్కువగా మడత పడుతుంది, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. పెడల్ పూర్తిగా కిందున్నప్పుడు కాలు దాదాపు చాపుకుని, మోకాలి దగ్గర కొద్దిపాటి వంపు మాత్రమే ఉండాలి.

ముందు ఏది కదులుతోందో తేల్చుకోండి

సీటు దిగింది అని మనం అనేదాంట్లో నాలుగు రకాల సమస్యలు కలిసిపోయి ఉంటాయి. సీటు కింద ఉండి ఫ్రేములోకి దిగే రాడ్డు కిందికి జారవచ్చు, ఉన్నచోటే పక్కకు తిరగవచ్చు. రాడ్డు కదలకుండా పైనున్న సీటు ముక్కు మాత్రమే పైకో కిందికో వాలిపోవచ్చు. స్ప్రింగు ఉన్న సస్పెన్షన్ రాడ్డు అయితే మీ బరువుకు లోపలికి కుంగవచ్చు.

తేల్చుకోవడానికి ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు చాలు. సీటు సరైన ఎత్తులో పెట్టి, రాడ్డు ఫ్రేములోకి దిగే చోట టేపు కింది అంచు క్లాంపుకు ఆనేలా చుట్టండి. తర్వాత మార్కర్‌తో ముందువైపు ఒక నిలువు గీత గీయండి, సగం టేపు మీద, సగం క్లాంపు మీద పడేలా. ఒక రౌండు తొక్కి వచ్చి చూడండి. టేపు ముడతలు పడి పైకి నెట్టుకుపోతే రాడ్డు జారింది. రెండు గీతలూ ఎడబాసి ఉంటే రాడ్డు తిరిగింది. టేపు, గీత రెండూ ఎక్కడివక్కడే ఉంటే లోపం పైన, సీటును రాడ్డుకు పట్టి ఉంచే క్లిప్పులో ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

సస్పెన్షన్ రాడ్డు కూర్చోగానే కొద్దిగా కుంగడం సహజం. మరీ ఎక్కువగా కుంగితే రాడ్డు బయటికి తీసి కింది కొస చూడండి. చాలావాటిలో అక్కడ స్ప్రింగును బిగుతు చేసే మర ఉంటుంది. లీవరు నొక్కితే సీటు దిగే డ్రాపర్ రాడ్డు అయితే దారి వేరు. అది తనంతట తాను కుంగుతుంటే లోపలి కార్ట్రిడ్జి (సీటును ఎత్తి నిలిపే గొట్టం) పోయి ఉండొచ్చు, క్లాంపు ఎంత బిగించినా లాభం లేదు. పైగా ఎక్కువ బిగిస్తే అది పైకి రావడమే మానేస్తుంది.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

ఇది అర్థమైతే మిగతా పనంతా తేలిక. బోల్టు నేరుగా రాడ్డును పట్టుకోదు. బోల్టు క్లాంపును మూస్తుంది, క్లాంపు ఫ్రేము పైపు పైభాగాన్ని నొక్కుతుంది, ఆ పైపుకు ఉన్న నిలువు చీలిక కొంచెం మూసుకుని పైపు రాడ్డును చుట్టూ హత్తుకుంటుంది. చుట్టూ సమానంగా హత్తుకుంటేనే పట్టు.

ఇప్పుడు రాడ్డు ఉండాల్సిన దానికంటే సన్నగా ఉందనుకోండి. పైపు దాన్ని చేరుకోవాలంటే చీలిక ఎంత మూసుకోవాలి? వ్యాసంలో ఉన్న తేడాను 3.14తో గుణిస్తే వస్తుంది. తేడా 0.2 మి.మీ. అయితే చీలిక 0.6 మి.మీ. మూసుకోవాలి, ఫర్వాలేదు. 0.4 అయితే దాదాపు 1.3 మి.మీ. ఇక్కడి నుంచే కష్టాలు మొదలు. 1 మి.మీ. తేడా ఉంటే చీలిక 3 మి.మీ.పైగా మూసుకోవాలి. చాలా ఫ్రేముల్లో చీలిక వెడల్పే రెండు మూడు మి.మీ. ఉంటుంది. అంటే అంచులు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి, రాడ్డు మాత్రం వదులుగానే ఉంటుంది. ఆ స్థితిలో ఎంత పెద్ద పానా తెచ్చినా మీ బలమంతా బోల్టును సాగదీయడానికే పోతుంది.

విప్పి, పూర్తిగా శుభ్రం చేయండి

అలెన్ కీలు లేదా పానా, పాత గుడ్డలు, పొడవాటి కర్ర, సర్జికల్ స్పిరిట్, కొంచెం గ్రీజు, స్కేలు దగ్గర పెట్టుకోండి. వ్యాసం కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్ ఉంటే మరీ మంచిది.

ఇప్పుడున్న ఎత్తు గుర్తుపెట్టుకుని రాడ్డును పూర్తిగా బయటికి తీయండి. మెలితిప్పుతూ లాగితే వస్తుంది. ఎంతకీ రాకపోతే లోపల తుప్పుకో ఆక్సైడుకో పట్టేసిందన్నమాట. కిందికి జారే రాడ్డు అలా పట్టేసి ఉండటం అరుదే.

రాడ్డు మీద, పైపు లోపల ఏముందో చూడండి. ఎక్కువగా కనిపించేది గ్రీజులో కలిసిన దుమ్ము. సీటు కిర్రుమంటోందని ఎవరో చెయిన్ ఆయిల్ పోసి ఉంటారు. అది కిర్రును తగ్గించి పట్టును కూడా తీసేస్తుంది. రాడ్డును గుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. కర్రకు గుడ్డ చుట్టి పైపు లోపల కూడా అలాగే చేయండి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా. కిరోసిన్ వాడితే దాని జిడ్డు పొర మిగిలిపోతుంది కాబట్టి చివర్లో స్పిరిట్ తప్పనిసరి. ఆ జిడ్డు గుడ్డలు డిస్క్ బ్రేకు పళ్లేనికీ చక్రం రిమ్ముకూ తగలనివ్వకండి. సీటు బాగుచేయబోయి బ్రేకులు పోగొట్టుకోవడం మంచి బేరం కాదు.

వానాకాలం అయితే సైకిల్‌ను ఒకసారి తలకిందులు చేయండి. చీలిక గుండా పైపులోకి దిగిన నీళ్లు బయటికి వస్తాయి. చీలిక వెనకవైపు ఉంటే వెనక చక్రం చిమ్మే నీళ్లన్నీ నేరుగా అందులోకే. మడ్‌గార్డు లేని సైకిళ్లలో ఇది మరీ ఎక్కువ.

కొలత సరిపోయిందా?

నన్నడిగితే ఇదే అసలు అడుగు. సైకిల్ సెకండ్ హ్యాండుదైనా, సీటు రాడ్డు ఎప్పుడైనా మార్చినా ముందు ఇక్కడే అనుమానించండి.

రాడ్డు వ్యాసం సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది, కింది భాగంలో, కనీస లోతు గీతకు (రాడ్డు కనీసం అంతవరకైనా ఫ్రేములోకి దిగాలని చెప్పే గీత) దగ్గరలో. 25.4, 27.2, 28.6, 30.9, 31.6 లాంటి అంకెలు కనిపిస్తాయి. వీటిలో 27.2 చాలా సైకిళ్లలో ఉంటుంది. చిక్కేమిటంటే ఈ మధ్యలో 26.6, 26.8, 27.0 లాంటివి కూడా ఉన్నాయి, కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. 27.2 పైపులో 26.8 రాడ్డు సులువుగా దిగుతుంది, బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, గతుకుల రోడ్డు మీద మెల్లగా జారుతుంది.

ఫ్రేముకు ఎంత కావాలో కంపెనీ వివరాల్లో దొరకవచ్చు. లేదంటే పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. చీలిక దగ్గర పైపు వంగి ఉండొచ్చు కాబట్టి అక్కడ కాకుండా దానికి అడ్డంగా, రెండు మూడు చోట్ల కొలిచి చూడండి. వెర్నియర్ లేకపోతే చేతి పరీక్ష ఉంది. క్లాంపును పూర్తిగా వదులు చేసి, శుభ్రమైన రాడ్డును పైపులో పది సెంటీమీటర్లు దించి పక్కలకు ఊపండి. సరైన కొలతదైతే కొంచెం ఒరుసుకుంటూ దిగుతుంది, పక్కలకు కదలదు. టకటకమని ఊగితే రాడ్డు చిన్నదే.

చిన్నదైతే మూడు దారులు. సరైన కొలత రాడ్డు కొనడం అన్నింటికంటే మంచిది. తేడా ఎక్కువగా ఉంటే, ఉదాహరణకు 27.2 పైపులో 25.4 రాడ్డు ఉంటే, మధ్యలో తొడిగే అల్యూమినియం షిమ్ము దొరుకుతుంది. ఈ జతకు దాని గోడ మందం 0.9 మి.మీ. ఉండాలి. షిమ్ముకున్న చీలికను ఫ్రేము చీలికతో కలిపి పెట్టండి, అప్పుడే రెండూ కలిసి మూసుకుంటాయి.

తేడా 0.2 మి.మీ. లాంటిదైతే కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా రేకు పనికొస్తుంది. దాని గోడ మందం దాదాపు 0.1 మి.మీ., కాబట్టి ఒక చుట్టుకు వ్యాసం 0.2 పెరుగుతుంది. 27 మి.మీ. రాడ్డు చుట్టుకొలత 85 మి.మీ. ఉంటుంది. రేకును దానికంటే ఒకటి రెండు మి.మీ. తక్కువ వెడల్పుతో, 7 సెం.మీ. పొడవున కత్తిరించండి. అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. లోపలి పూతను, బయటి రంగును గరుకు కాగితంతో గీకేయండి, అవి నున్నగా ఉండి పట్టు తగ్గిస్తాయి. పైఅంచు మీద చిన్న మడత పెడితే రేకు లోపలికి జారిపోదు. అంచులు బ్లేడులా కోస్తాయి, చేతికి ఏదైనా తొడుక్కోండి. రెండు మూడు చుట్లు చుట్టే ఆలోచన మాత్రం వద్దు, పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి.

పాత ట్యూబు రబ్బరు ముక్క చుట్టి దించడం మన దగ్గర అందరికీ తెలిసిన చిట్కా. మొదటి రోజు గట్టిగా పట్టినట్టే ఉంటుంది. రబ్బరు నలుగుతుంది, సాగుతుంది, లోపల నీళ్లు పట్టి ఉంచుతుంది. ఇంటికి చేరడానికి సరే, ఆ తర్వాత తీసేయండి.

క్లాంపు, బోల్టు

కొలత బాగుంటే క్లాంపు వైపు చూడండి. మొదట అది కూర్చున్న చోటు. క్లాంపు లోపల చిన్న గట్టు ఉంటుంది, అది ఫ్రేము పైపు అంచుకు ఆనాలి. క్లాంపు సగం పైకి జరిగి ఉంటే అది గాలిని నొక్కుతున్నట్టే.

తర్వాత చెవులు. బిగించినప్పుడు క్లాంపు రెండు చెవుల మధ్య సందు మిగలాలి. అవి కలిసిపోయి ఉంటే క్లాంపు పెద్దదైనా అయ్యుండాలి, రాడ్డు చిన్నదైనా అయ్యుండాలి. క్లాంపు కొలత ఫ్రేము పైపు బయటి వ్యాసానికి సరిపోవాలి, రాడ్డుకు కాదు. 28.6, 31.8, 34.9 ఎక్కువగా దొరికే కొలతలు. చెవులు ఒకవైపుకు వంగిపోయి బోల్టు ఏటవాలుగా కనిపిస్తే ఆ క్లాంపు పని అయిపోయినట్టే, వంచి సరిచేయాలని చూడకండి.

బోల్టును పూర్తిగా విప్పి మర చూడండి. మధ్యలో సన్నబడినా, మర చెదిరినా మార్చండి. బాగుంటే మరకూ, బోల్టు తల కిందా చుక్క గ్రీజు పెట్టండి. జారే రాడ్డుకు గ్రీజు వద్దంటూ బోల్టుకు పెట్టమంటారేంటి అని అనుమానం రావచ్చు. మర పొడిగా ఉంటే మీరు పెట్టే బలంలో చాలా భాగం మర రాపిడికే ఖర్చవుతుంది, బోల్టు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది కానీ క్లాంపు మూసుకోదు.

క్లాంపు చీలిక ఫ్రేము చీలికకు ఎదురుగా పెట్టాలా, కలిపి పెట్టాలా అన్నదాని మీద తయారీదారులే ఒకే మాట మీద లేరు. మీ సైకిల్‌కు సూచన ఉంటే అదే పాటించండి. లేకపోతే ఇప్పుడున్న పద్ధతిలో జారుతోంది కాబట్టి రెండోది ప్రయత్నించి చూడండి, ఖర్చేమీ లేదు.

పానా లేకుండా చేత్తోనే తెరిచి మూసే క్విక్ రిలీజ్ లీవరు ఉన్న సైకిళ్లలో చాలామంది దాన్ని రెక్క నట్టులా గిరగిరా తిప్పి బిగిస్తారు. అది అలా పనిచేయదు. లీవరు తెరిచి, అవతలి నట్టును చేత్తో తిప్పాలి. లీవరు మూస్తున్నప్పుడు సగం దారిలో, అంటే అది బోల్టుకు సూటిగా బయటికి చూస్తున్నప్పుడు, బిగుతు తగలడం మొదలవ్వాలి. పూర్తిగా మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడాలి. చవక లీవర్ల కింద ప్లాస్టిక్ వాషర్ ఉంటుంది, అది పగిలినా అరిగినా ఎంత మూసినా పట్టదు.

రోజూ ఒక్కరే తొక్కే సైకిల్‌కు నా ఓటు బోల్టు క్లాంపుకే. పట్టు ఎక్కువ, రైల్వే స్టేషన్ బయట తాళం వేసి వెళ్తే సీటు మాయమయ్యే భయం కూడా కొంత తగ్గుతుంది. ఇంట్లో ముగ్గురు పంచుకునే సైకిల్ అయితే లీవరే ఉంచండి.

తిరిగి బిగించడం

రాడ్డుకు ఏం పూయాలి అన్నది రాడ్డు, ఫ్రేము దేనితో చేసినవో దాన్ని బట్టి ఉంటుంది. రెండింట్లో ఏది కార్బన్ ఫైబర్ అయినా గ్రీజు పూయకూడదు, కార్బన్ పేస్టు మాత్రమే. ఈ పేస్టులో సన్నని గరుకు రేణువులు ఉంటాయి, తక్కువ బిగింపుతోనే రాపిడి పెంచుతాయి. పేరు కార్బన్‌దే అయినా అల్యూమినియం, స్టీలు రాడ్లకూ చక్కగా పనిచేస్తుంది. జారుడు సమస్యకు కొనదగ్గ ఒకే ఒక్క వస్తువు చెప్పమంటే దీన్నే చెప్తాను. చిన్న ప్యాకెట్ చాలా కాలం వస్తుంది.

పేస్టు దొరకకపోతే లోహం రాడ్డును ఫ్రేము పట్టుకునే పైభాగంలో పొడిగా ఉంచి, దానికి కింద లోపల ఉండిపోయే భాగానికి పలుచగా గ్రీజు రాయండి. పూర్తిగా పొడిగా వదిలేయడం మంచిది కాదు. స్టీలు ఫ్రేములో అల్యూమినియం రాడ్డు తేమ తగిలితే కొంతకాలానికి అతుక్కుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అక్కడివాళ్లు ఏడాదికి రెండుసార్లయినా రాడ్డు బయటికి తీసి తుడిచి పెట్టుకోవాలి.

రాడ్డు దించేటప్పుడు కనీస లోతు గీత ఫ్రేములో మునిగి ఉండాలి. ఆ గీత కనిపిస్తుంటే ఎంత బిగించినా ప్రమాదమే. రాడ్డు వంగవచ్చు, ఫ్రేము పైన చిరగవచ్చు. పైగా లోపల ఉన్న భాగం తక్కువైతే సీటు మీద బరువు పడ్డప్పుడల్లా రాడ్డు లోపల అటూ ఇటూ ఊగి మెల్లగా దారి చేసుకుంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్లకు 300 మి.మీ. రాడ్డు చాలకపోవచ్చు. 350 లేదా 400 తీసుకోండి.

బిగింపు ఎంత అన్నది చాలా క్లాంపుల మీద రాసి ఉంటుంది, సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి లేనివాళ్లకు ఒక అంచనా: 5 న్యూటన్ మీటర్లంటే అలెన్ కీని బోల్టుకు 10 సెం.మీ. దూరంలో పట్టుకుని ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తేంత బలం పెట్టడం. మీరు అనుకున్నదానికంటే తక్కువే కదా. కార్బన్ విషయంలో అంచనాలు వద్దు, టార్క్ రెంచి ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

మళ్లీ టేపు చుట్టి, గీత గీసి, సీటు మీద బరువుగా నాలుగైదుసార్లు కూర్చుని లేవండి. తర్వాత మీరు రోజూ వెళ్లే గతుకుల దారిలోనే ఒక రౌండు వెళ్లి చూడండి. మొదటి రైడు తర్వాత మళ్లీ బిగించి చూస్తే బోల్టు ఇంకొంచెం తిరగడం మామూలే. రెండోసారి కూడా తిరిగితే కొలత దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

అయినా జారితే

లోహం రాడ్డు అయితే, ఫ్రేములో ఉండే భాగాన్ని గరుకు కాగితంతో చుట్టూ అడ్డంగా రుద్ది నునుపు తీసేయండి. రంగు, క్రోము మెరుపు పోతే పట్టు పెరుగుతుంది. ఆకురాయితో లోతుగా గాట్లు పెట్టడం మాత్రం వద్దు, రాడ్డు మీద ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే, గాటు దగ్గర విరగడం మొదలవుతుంది. కార్బన్ రాడ్డును రుద్దనే కూడదు.

చీలిక కింది కొసన గుండ్రటి చిన్న రంధ్రం ఉంటుంది. అది పగులు మొదలు కాకుండా ఉండటానికి పెట్టినది. అక్కడి నుంచి వెంట్రుక లాంటి గీత ఏదైనా పాకుతోందేమో టార్చి వేసి చూడండి. కనిపిస్తే ఆ సైకిల్ తొక్కడం ఆపేయండి. స్టీలు ఫ్రేమును వెల్డింగు తెలిసినవాళ్లు బాగుచేయగలరు. అల్యూమినియానికి మామూలు వెల్డింగు షాపు పనికిరాదు.

ఫ్రేముకూ రాడ్డుకూ కలిపి రంధ్రం వేసి బోల్టు దూర్చేయడం కూడా కొన్నిచోట్ల చేస్తారు. సీటు జారదు నిజమే, కానీ ఫ్రేములో బాగా బరువు మోసే చోట రంధ్రం మిగులుతుంది, ఇక ఎత్తు మార్చుకునే వీలూ ఉండదు.

దారి మధ్యలో చిక్కుకుంటే మెకానిక్ షాపులో దొరికే స్టీలు హోస్ క్లిప్పు అడగండి, నీళ్ల పైపులకు వేసేది. సీటు సరైన ఎత్తులో పెట్టి, ఫ్రేము క్లాంపుకు సరిగ్గా పైన రాడ్డు చుట్టూ దాన్ని స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే అది అడ్డుగా నిలబడి రాడ్డును దిగనివ్వదు. పక్కకు తిరగడాన్ని ఆపదు, కార్బన్ మీద వేయకూడదు, కానీ ఇంటికి చేరుస్తుంది.

నల్ల సైకిళ్లు, సీటు క్లిప్పు

పాతకాలపు బరువు సైకిళ్లలో విడి క్లాంపు ఉండదు. ఫ్రేముకే వెనకవైపు రెండు చెవులుంటాయి, వాటి గుండా సీటు బోల్టు పోతుంది. బోల్టు తల కింద చిన్న మేకులా పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది, అది చెవిలోని గంటులో కూర్చుని బోల్టును తిరగనివ్వదు. అది అరిగితే నట్టు తిప్పినప్పుడు బోల్టూ దాంతో తిరుగుతుంది, ఎంతకీ బిగుసుకోదు. కొత్త బోల్టు వేయించండి, ఖరీదు పెద్దగా ఉండదు. క్యారియర్ ముందు పట్టీలు అదే బోల్టుకు తగిలించి ఉంటే వాటిని విప్పి ఒకసారి బిగించి చూడండి. మందపాటి పట్టీలు చెవుల మధ్య ఇరుక్కుని వాటిని దగ్గరికి రానివ్వవు. చెవులకు బయటివైపున, వాషర్‌తో ఉండాలి.

సీటు ముక్కు వాలిపోయే సమస్యకు కారణం రాడ్డు పైనున్న సీటు క్లిప్పు. దాని పళ్ల చక్రాలు ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే వాలు నిలుస్తుంది. వదులుగా ఉన్నప్పుడు నెలల తరబడి తొక్కితే ఆ పళ్లు అరిగి నున్నబడతాయి, ఆ తర్వాత బిగించి లాభం లేదు, క్లిప్పు మార్చాల్సిందే. మార్చేటప్పుడు రెండు వైపుల నట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి, ఒకవైపే బిగిస్తే పళ్లు వంకరగా కూర్చుంటాయి.

రాడ్డు గానీ క్లాంపు గానీ కొనడానికి వెళ్లేటప్పుడు పాతదాన్ని పట్టుకెళ్లండి, వీలైతే సైకిల్‌నే తీసుకెళ్లండి. పాత రాడ్డు తప్పు కొలతదని తేలితే దాన్ని చూపించి అలాంటిదే అడక్కండి, ఫ్రేము కొలత చెప్పి అడగండి. డబ్బులిచ్చే ముందు అక్కడే పైపులో దించి, క్లాంపు బిగించకుండా పక్కలకు ఊపి చూడండి.